మూత లేని తొట్టి

ఆ నవంబరులో అరకు పోటీలకు నన్ను సర్వీసు ఇన్‌ఛార్జిగా వేశారు. అంతకుముందు రెండేళ్లు అదే జట్టులో సహాయ ఇంజినీరుగా పనిచేశాను. ఇన్‌ఛార్జి హోదాలో అది నా మూడో పోటీ. ముప్పై మూడో ఏట ఈ వృత్తి నుంచి విరమించుకున్నాను. కొండదారుల్లో పరుగెత్తే పోటీ బండ్లకు మరమ్మతులు చేసేవారిలో అది మరీ తొందరపాటు అనిపించుకోదు. చాలామందికి నడుము అంతకంటే ముందే విరమించుకుంటుంది.

సర్వీసు ఇన్‌ఛార్జి పని బండిని బాగుచేయడమని చాలామంది అనుకుంటారు. బాగుచేసేది మేస్త్రీ. ఒక పోటీకీ తర్వాతి పోటీకీ మధ్య నిర్వాహకులు కొంత గడువు ఇస్తారు. ఆ గడువులో ఏ పని ముందు, ఏది తర్వాత, ఏది అసలు ముట్టుకోకూడదు అన్నది తేల్చి, చివరకు ‘బండి పరుగుకు యోగ్యం’ అన్న పత్రం మీద సంతకం చేయడం ఇన్‌ఛార్జి బాధ్యత. ఆ సంతకం లేకుండా బండి గుడారం దాటదు. గడువు మించితే, మించిన ప్రతి నిమిషమూ డ్రైవరు పరుగు సమయానికి కలుస్తుంది. అంటే ఎదురుగా గడియారం నడుస్తుండగా, ఇనుము తన వేగంతో తాను చల్లబడుతుంటే, ఆ రెంటి మధ్య నిలబడి ఉండటమే ఆ ఉద్యోగం. ఆ గడువులో నేను ఎప్పుడూ కూర్చోలేకపోయేదాన్ని.

కాలేజీలో నాలుగేళ్లు వాదపోటీల్లో పాల్గొన్నాను. దానివల్ల నాకు ఒక అలవాటు అబ్బింది. ఎవరైనా ‘ఎప్పుడూ ఇలాగే చేస్తాం’ అంటే ‘ఎందుకు?’ అని అడగకుండా ఉండలేను. మా మేస్త్రీ అప్పలరాజు గారికి ఈ అలవాటు కొంత వినోదం, కొంత శిక్ష. గాజువాకలో లారీల కింద పడుకుని పని నేర్చుకున్న మనిషి ఆయన. ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలడు.

అంతకుముందు రాజవొమ్మంగి వైపు జరిగిన పోటీలో మా ఇద్దరికీ ఒక వాదం నడిచింది. రేడియేటరులో పోసేది ఉత్త నీరు కాదు. సగం నీరు, సగం గ్లైకాల్ అనే రసాయనం. దానివల్ల నీరు త్వరగా మరగదు. ఎక్కడైనా కారితే కంటబడాలని అందులో పచ్చరంగు కలుపుతారు. అది విషం. అంతకంటే చిక్కు ఏమిటంటే, అది తియ్యగా ఉంటుంది. అప్పలరాజు గారు మరమ్మతు ముందు ఆ ద్రవాన్ని నేల మీదికే వదిలేసేవారు. ఎక్కడికి పోతుందది అని అడిగాను. “భూమి పీల్చీసుకుంటాది మేడమ్,” అన్నారు. భూమి పీల్చుకున్నది మళ్లీ ఏ బావిలో తేలుతుంది అన్నాను. డబ్బా మీద రాసిన హెచ్చరికలు చదివి వినిపించాను. అరగంట తర్వాత ఆయన చేతులు తుడుచుకుంటూ, “సరే, తొట్టెట్టి పడతాను. మీతో మాటాడి గెలిసినోడు ఇంకా పుట్నేదు,” అన్నారు. ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్మును నిలువునా సగానికి కోసి తొట్టి తయారుచేశారు. బండి కింద సరిగ్గా పట్టింది. సర్వీసు నియమాల కాగితంలో ఆ తొట్టి సంగతి నేనే చేర్చాను.

అరకులో మా గుడారం డుంబ్రిగుడ వైపు వెళ్లే రోడ్డు పక్కన, ఒక గెడ్డ (కొండవాగు) ఒడ్డున ఉన్న బీడులో వేశారు. శనివారం ఉదయం కొండ ఎక్కే పోటీ, మధ్యాహ్నం అడవిబాట పోటీ, నడుమ రెండు గంటల గడువు. మా డ్రైవరు కిరణ్మయి సీలేరు ప్రాజెక్టు కాలనీలో పెరిగిన మనిషి. మలుపులంటే ఆమెకు భయం లేదు. ఉదయం పోటీలో రెండో స్థానంలో వచ్చింది. బండి దిగుతూనే, చివరి రెండు మలుపులూ వేడి చూపే సూది ఎరుపులోనే ఉందనీ, తాను దాన్ని చూడనట్టే నటించాననీ చెప్పింది.

వేడెక్కిన ఇంజనును చల్లార్చడానికి ఒక క్రమం ఉంది. వెంటనే ఆపేయకూడదు. ఆపితే లోపలి నీరు కదలక, వేడి ఉన్నచోటే నిలిచిపోతుంది. బానెట్ ఎత్తి, కొన్ని నిమిషాలు నెమ్మదిగా నడవనిచ్చి, అప్పుడు ఆపాలి. ఇంజను మీద చన్నీళ్లు కుమ్మరించకూడదు; కాగిన ఇనుము చిట్లుతుంది. రేడియేటరు మూత ముట్టుకోకూడదు. లోపలి ఆవిరి మొహం మీదికి లేస్తుంది. తడి గోనెసంచులు రేడియేటరుకు ముందు వేలాడదీసి, పెద్ద ఫ్యాను పెట్టి, వేచి ఉండాలి. ఈ చివరి పనే అన్నిటికంటే కష్టం. నేను గుడారం ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాను. అప్పలరాజు గారు తలెత్తకుండానే, “మేడమ్, మీరలా తిరిగితే గాలొత్తాదనుకుంతన్నారేటి?” అన్నారు.

రేడియేటరు పొద్దున్నే కడిగానని, అద్దంలా ఉందని ఆయన వాదన. నిజమే, ముందునుంచి చూసినా వెనకనుంచి చూసినా శుభ్రంగానే ఉంది. అయితే వేడి ఎందుకెక్కింది? మా బండికి రేడియేటరు ముందు ఆయిల్ కూలర్ అని మరో చిన్న జల్లెడ ఉంటుంది. రెంటికీ నడుమ వేలు దూరని సందు. అక్కడ ఏముందో ఏ వైపునుంచీ కనబడదు. గుడారం నుంచి కొండ మొదలు వరకు మామూలు రోడ్డే. ఆ రోజుల్లో ఆ రోడ్డు పొడవునా చోళ్ల (రాగుల) వెన్నులు పరిచి ఉంటాయి. వచ్చేపోయే బండ్లే వాటిని నూరుస్తాయి. మా బండి ఆ పొట్టంతా లోపలికి లాక్కుని, ఆ పైన పసుపుపచ్చగా పూసిన వలిసె చేల పక్కగా వెళుతూ పూరేకులనూ కలుపుకుంది.

సందు శుభ్రం చేయాలంటే రేడియేటరు విప్పాలి. విప్పాలంటే పచ్చ ద్రవం వదలాలి. విప్పి, దులిపి, బిగించడానికి గంట. మిగిలినది గంటా పావు. విప్పమన్నాను.

ద్రవం తొట్టిలోకి దిగింది. దాన్ని వెంటనే డబ్బాల్లోకి వంపి మూతలు బిగించాలి. డబ్బాలు పికప్ వ్యానులో అదనపు టైర్ల అడుగున ఉన్నాయి. టైర్లు దించడానికి ఇద్దరు మెకానిక్‌లూ కావాలి, పది నిమిషాలు కావాలి. ముందు రేడియేటరు, తర్వాత డబ్బాలు అని నేనే చెప్పాను. ఇద్దరూ తొట్టిని గుడారం వెనక నీడలోకి జరిపారు.

రేడియేటరు బయటికి వచ్చాక సందులో ఉన్నది చూశాం. పసుపు, గోధుమ రంగులు కలిసిన ఒక పొర, అరచేయి వెడల్పున, అట్టలా ఊడి వచ్చింది. అప్పలరాజు గారు దాన్ని నాకు పళ్లెంలో వడ్డించినట్టు చూపించారు. మా ఇద్దరికీ ప్రాణం లేచి వచ్చింది. చేతులు కడుక్కోవడానికి నేను గుడారం వెనక్కి వెళ్లాను.

ఒక తెల్ల ఎద్దు తొట్టిలో మూతి పెట్టి తాగుతోంది.

కేకవేసి దాని మెడ పట్టుకుని నెట్టాను. అది ఒక అడుగు వెనక్కి వేసి, మూతి నాక్కుని, మళ్లీ ముందుకు వచ్చింది. తొట్టిని కాలితో తన్ని దూరంగా జరిపాను. సగానికి సగం తగ్గి ఉంది. కొంత నేల మీద ఒలికింది. ఎంత ఒలికిందో, ఎంత తాగిందో చెప్పలేను.

ఎద్దు నిక్షేపంగా నిలబడి ఉంది. ఇక్కడొక విషయం చెప్పాలి. డబ్బా మీది హెచ్చరికలు నాకు కంఠస్థం. ఈ విషం వెంటనే కనబడదు. మొదట కొద్దిగా తూలుతుంది, తర్వాత బాగున్నట్టే ఉంటుంది, ఒకటి రెండు రోజులకు మూత్రపిండాలు పాడవుతాయి. అంటే ఆ ఎద్దు పడిపోయేసరికి మా గుడారం అక్కడ ఉండదు. ఏ ఆకు తిన్నదో, ఏ పాము ముట్టిందో అనుకుంటారు. చూసినది నేనొక్కదాన్ని. ఎదుటి పక్షం వాదన ఎప్పుడూ సిద్ధం చేసుకోమని నాకు నేర్పారు. ఆ క్షణంలో అది దానంతటదే సిద్ధమైంది: పెద్ద పశువు, తాగినది బహుశా కొంచెం, పోటీకి నలభై నిమిషాలు, ఆదివారం వచ్చి చెప్పవచ్చు. ఆ వాదనలో నాకు తప్పు దొరకలేదు. దొరకనందుకే భయం వేసింది.

లోపలికి వెళ్లి అప్పలరాజు గారికి చెప్పాను. “ఎద్దు కదా మేడమ్, అరాయించీసుకుంటాది,” అన్నారు మొదట. తర్వాత చేతిలో స్పానర్ అలాగే పట్టుకుని, “ఇది నూర్పుల టయము. ఎవులిదో కనుక్కోండి. బేగి. రేడియేటరు నాను బిగిస్తాను,” అన్నారు.

కనుక్కోవలసిన అవసరం లేకపోయింది. ఎద్దును వెతుక్కుంటూ దాని యజమానురాలు బుద్రమ్మ గెడ్డ దాటి వచ్చింది. యాభై దాటిన మనిషి, చేతిలో ముల్లుకర్ర.

“ఏటి గుంటా, నా ఎద్దునెందుకు తోల్తన్నావు? దాహానికొచ్చింది, తాగనీ.”

“అవి నీళ్లు కాదమ్మా. ఇంజనులో పోసే మందు. విషం. తాగేసింది.”

ఆమె తొట్టి వైపు చూసింది, నా వైపు చూసింది. “ఇసమైతే మరి తొట్లో ఎందుకు పోసినారు?”

“నేల మీద పోయకూడదని.”

“తొట్టంటే గొడ్డు తాగడానికే గదా. మా ఇంటికాడా ఇదే నీలం తొట్టి. మా ఊర్లో ఏ ఇంటికాడ సూడు, ఇదే.”

నిజం. ఉదయం నుంచి ఆ ఊరి మీదుగా మూడుసార్లు వెళ్లాను. ప్రతి ఇంటి ముందూ నిలువునా కోసిన నీలం డ్రమ్ము, అందులో కుడితి. చూశాను, చూసినట్టు నాకు తెలియదు. ఆ పశువు చేసిన దాంట్లో పొరపాటేమీ లేదు. పొద్దున్న కళ్లంలో తిరిగి, తనకు అలవాటైన తొట్టి కనబడితే తాగింది.

“ఇంకో ఎద్దుకి జోడీ ఇదే,” అంది బుద్రమ్మ. “కుప్ప కుప్పలాగే ఉన్నాది. ఇది పోతే నాను తొక్కాలేటి దాని మీద?”

ఆ బీడులో ఫోను పలకదు. పలికేది పైనున్న బండరాతి మీద మాత్రమే. పరుగెత్తి ఎక్కాను. నిర్వాహకులకు ఫోను చేసి పశువైద్యుడి నంబరు తీసుకున్నాను; ఆయన మూడోసారికి దొరికాడు. పై గ్రామాల్లో గాలికుంటు టీకాల పనిలో ఉన్నాననీ, రావడానికి గంటన్నర పడుతుందనీ చెప్పాడు. నేను డబ్బా మీది పేరు అక్షరం అక్షరం చదివాను. ఆయన ఆ ఊరిలో సారా దొరుకుతుందా అని అడిగాడు.

నేను విన్నది సరిగ్గానే విన్నానని నిర్ధారించుకున్నాక ఆయన వివరించాడు. గ్లైకాల్ స్వయంగా చేసే హాని తక్కువ. కాలేయం దాన్ని విరగ్గొట్టినప్పుడు పుట్టే పదార్థాలే మూత్రపిండాలను కొడతాయి. సారా పడితే కాలేయం ముందు దాని పనిలో పడుతుంది. ఈలోగా గ్లైకాల్ విరగకుండానే మూత్రంలో పోతుంది. పశువు బరువు అడిగి ఎంత సారాకు ఎన్ని నీళ్లు కలపాలో, వంటసోడా ఎంత ఇవ్వాలో చెప్పాడు. మిగతాది తాను వచ్చి చేస్తానన్నాడు.

కిందికి దిగి బుద్రమ్మను సారా కావాలని అడిగాను. ఆమె ముఖం మారిపోయింది.

“మా ఊర్లో సారా నేదు.”

“కొంచెమైనా ఫరవాలేదమ్మా.”

“నేదంటన్నాను గదా. ఎవులూ కాయరు. ఎవులు సెప్పినారు నీకు?”

మెడలో గుర్తింపు కార్డు, చేతిలో కాగితాల అట్ట, ముద్రలున్న చొక్కా. ఆమెకు నేను ఎక్సైజు శాఖ మనిషిలా కనిపిస్తున్నానని అర్థమవడానికి కొంత సమయం పట్టింది. ఆ కొంత సమయం కూడా నా దగ్గర లేదు. కార్డు తీసి జేబులో పెట్టుకుని, సారా నాకు కాదు, ఎద్దుకు, డాక్టరు చెప్పాడు అన్నాను.

బుద్రమ్మ ముల్లుకర్ర దించింది. “ఎద్దుకా?”

“ఎద్దుకే.”

“పట్నంలో ఇదేటి సదువమ్మా,” అంటూ ఆమె వెనక్కి తిరిగి గెడ్డ అవతలికి తన భాషలో ఏదో అరిచింది. అయిదు నిమిషాల్లో, సారా అసలు లేని ఆ ఊరినుంచి మూడు ఇళ్లవారు మూడు సీసాలు తెచ్చారు. ఇప్పసారా. మూతలు తీయగానే కళ్లు మండాయి. వెదురు గొట్టం కూడా వచ్చింది. పశువుకు మందు పట్టడానికి వాళ్లు వాడేదే. ఎద్దు దవడ పట్టుకున్నది బుద్రమ్మ తమ్ముడు దానియేలు. ఊరి చివరి చర్చిలో పాటలు పాడించే మనిషి, తాగుడు మాని చాలా ఏళ్లయిందట. ముఖం పక్కకు తిప్పుకుని పట్టుకున్నాడు.

“వాసన కూడా పాపమేనేటిరా?” అంది అక్క.

“పాపం కాదప్పా, శోధన,” అన్నాడతను.

మొదటి గొట్టం లోపలికి దిగింది. సరిగ్గా అప్పుడే అప్పలరాజు గారు గుడారం మూలనుంచి పిలిచారు. రేడియేటరు బిగించడం అయింది. కొత్త ద్రవం పోసి, గాలి బుడగలు పోయేవరకు ఇంజను నడిపి చూశారు. సూది నడిమిలో నిలిచింది. గడువు దాటి నాలుగు నిమిషాలు. నా సంతకం కావాలి.

సంతకం చేయడానికి రెండు సెకన్లు చాలు. కాని యోగ్యమని రాసే ముందు ప్రతి బిగింపునూ చేత్తో ముట్టి చూడాలన్న నియమం కూడా నేను పెట్టినదే. ముట్టి చూశాను. బండి బయటికి వెళ్లేసరికి తొమ్మిది నిమిషాల ఆలస్యం. ఎందుకని అడిగే తీరిక లేక కిరణ్మయి బండి ఉరికించింది. తర్వాత అడిగింది, చాలాసేపే అడిగింది. రెండో స్థానం అయిదోదయింది. సూది మాత్రం పోటీ అంతా ఎరుపు దరిదాపులకు వెళ్లలేదట. ఆ ఏడాది నేను చేయించిన మరమ్మతులన్నిటిలోకీ అదే మంచిది. అది చూడడానికి నేను అక్కడ లేను.

పశువైద్యుడు చెప్పిన వేళకే వచ్చాడు. రక్తనాళంలోకి సెలైను ఎక్కించాడు. అప్పటికి ఎద్దు తూలుతోంది. విషానికా, సారాకా అని అడిగాను. ఆ సంగతి తానూ చెప్పలేనన్నాడు. రెండు రోజులు మూత్రం గమనించమన్నాడు. ధారగా పోస్తే గండం గడిచినట్టు; తగ్గినా, ఆగినా తాను చేయగలిగింది పెద్దగా ఉండదు.

కాబట్టి శనివారం సాయంత్రం నుంచి నేను ఒక ఎద్దు మూత్రం పోయడం కోసం ఎదురుచూశాను. ఇంజను చల్లబడటం కోసం వేచి ఉండటమే కష్టమనుకునేదాన్ని. దానికి సూది ఉంటుంది, లెక్క ఉంటుంది. ఇక్కడ బుద్రమ్మ పశువుల కొట్టం ముందు నేల తడిసిందా లేదా అన్నదొక్కటే. లేచి చూడటం, మళ్లీ కూర్చోవడం. బుద్రమ్మ నా చేతికి అంబలి గిన్నె ఇచ్చి, “నువ్వలా సూత్తుంటే దానికి సిగ్గేత్తాది. పోసేదీ పొయ్యదు,” అంది. ఆమె నన్ను తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. రెండో ఎద్దు ఒంటరిగా నెమరు వేస్తుంటే దాని వైపే చూస్తూ కూర్చుంది.

ఆదివారం ఉదయం మబ్బు పట్టింది. కుప్ప తడిస్తే ధాన్యం మొలకెత్తుతుంది. బహుమతుల సభకు వెళ్లవలసిన అప్పలరాజు గారు వెళ్లకుండా పికప్ వ్యాను తీసుకుని కళ్లంలోకి వచ్చారు. ఊరివాళ్లు పనలు పరిచారు. ఆయన వాటి మీద గుండ్రంగా, నడిచినంత వేగంతో తిప్పారు. ఆ వేగంలో గాలి తగలదు, పొట్టు మాత్రం తగులుతుంది. పది చుట్లకోసారి బండి వేడెక్కేది. ఆపి, బానెట్ ఎత్తి, జల్లెడ దులిపి, మళ్లీ మొదలుపెట్టేవారు. “ఎద్దులే నయం,” అంది బుద్రమ్మ. “మజ్జెలో ఆగవు.” “బండినీ పెట్రోలు తాగనివ్వండి మరి,” అన్నారాయన. ఆ మాట జారాక నాలుక కరుచుకున్నారు. ఆమె నవ్వింది. మేం అక్కడికి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

సగం కుప్ప అయ్యేసరికి దానియేలు కొట్టం దగ్గరినుంచి పిలిచాడు. ఎద్దు ధారగా పోసింది. సాయంత్రం వైద్యుడు వచ్చి, గండం దాదాపు గడిచిందనీ, ఈ నూర్పులకు మాత్రం కాడి వేయవద్దనీ చెప్పాడు. మిగతా సగం కుప్ప కూడా పికప్ వ్యానుతోనే తొక్కించి సోమవారం బయలుదేరాం. ఆ వ్యాను అనుమతి లేకుండా ఆగినందుకు నాకు జట్టు యాజమాన్యం సంజాయిషీ అడుగుతూ లేఖ ఇచ్చింది. దానికి నేను రాసిన జవాబులో వాదన లేదు. జరిగింది జరిగినట్టు రాశాను.

రసాయనాన్ని నేల మీద పోయకూడదన్న నా నియమం తప్పు కాదు. ఇప్పటికీ కాదనే అంటాను. కాని దాన్ని నెగ్గించుకోవడానికి నేను వేసిన ప్రశ్నలన్నీ గుడారం లోపలివారికే వేశాను. తొట్టి అంటే ఏమిటో గుడారం బయట ఎవరిని అడిగినా ఒక్క మాటలో చెప్పేవారు. ఆ తర్వాత సర్వీసు నియమాల్లో రెండు మార్పులు చేశాను. డబ్బాలు టైర్ల పైన ఉంటాయి; ద్రవం దిగిన వెంటనే మూత పడుతుంది, రేడియేటరు పని ఆగినా సరే. రెండోది, గుడారం వేసే ముందు ఆ చోటికి నీళ్లకు ఏయే పశువులు వస్తాయో, ఏ వేళకు వస్తాయో అక్కడివారిని అడిగి, చెప్పినవారి పేరుతో పత్రంలో రాయాలి. ఆ గడి ఖాళీగా ఉంటే ఇన్‌ఛార్జి సంతకం చేయరాదు.